బొంజుబాబు కొయ్య గంట

నేను రిటైరైన రోజున మా సెంటర్లో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు నాకు శాలువా కప్పి, చేతిలో ఒక గాజు పెట్టె పెట్టారు. అందులో ఎర్ర ముఖమల్ గుడ్డ మీద ఒక కొయ్య గంట ఉంది. కొండల్లో ఆవుల మెడకు కడతారే, అలాంటిది. పెట్టె అడుగున ఇత్తడి రేకు మీద ఇలా చెక్కించారు: "మనిషిని మనిషిగా చూడాలని నేర్పిన మా మేడంగారికి." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం వదల్లేక ఏడుస్తోందనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

ఎందుకు ఏడ్చానో ఆ రోజు చెప్పలేదు. మర్నాడు ఫోన్ చేసి, "మేడం, కొత్తగా చేరేవాళ్ల కోసం మీ అనుభవాలు రాసివ్వండి" అన్నారు. సరే, రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆఫీసు రాజకీయాలు ఇందులో ఉండవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే గోల. ఆ గంట నా దగ్గరికి ఎలా వచ్చిందో, మళ్లీ ఎలా వెళ్లిపోయిందో రాస్తాను. చదివాక ఆ రేకు మీద చెక్కించిన మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. నేనేమీ అనుకోను.

మా పని

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. మా అత్తగారు పోయేదాకా ఆ మాట ఆవిడ నోరు తిరగలేదు. "నర్సువా?" అనేది. కాదండీ అంటే, "డాక్టరువా?" అనేది. అదీ కాదంటే, "మరేటి సేత్తన్నావమ్మా అక్కడ?" అని నిట్టూర్చేది. అడిగినందుకు ఆవిడ మీద కసురుకునేదాన్ని. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోనూ, సెంటర్లోనూ తెలియనివాళ్లు లేరు.

విశాఖలో మాదొక చిన్న సెంటర్. సైన్యంలో తలకు దెబ్బ తగిలి, ఇంటికి పంపేసిన జవాన్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆపరేషన్ చేసేది సర్జన్. కాళ్లూ చేతులూ ఆడించేది ఫిజియోథెరపిస్టు. ఆ తర్వాత ఆ మనిషి తన చొక్కా తనే తొడుక్కుని, తన అన్నం తనే కలుపుకుని, తన ఇంటి దారి తనే పట్టేదాకా వెంట ఉండేది మేము. కాలు పోయిన జవానుకి బస్సులో లేచి సీటిస్తారు. మెదడుకి దెబ్బ తగిలిన జవాను అదే బస్సులో తూలితే తాగొచ్చాడంటారు. పైకి ఏమీ కనపడదు. మాట ఆలస్యంగా వస్తుంది, కోపం తొందరగా వస్తుంది, పొద్దున చేసింది సాయంత్రానికి గుర్తుండదు. కొందరికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి.

మా సెంటర్ పెద్ద సైన్యంలో డాక్టరుగా చేసి రిటైరైన కల్నల్‌గారు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం కొండల్లోని పెదబయలు నుంచి వచ్చిన, నాయక్ ర్యాంకు జవాను ఒకతని వల్ల వచ్చింది.

ఆ నాయక్‌కి ఆరు వారాలపాటు టీ పెట్టడం నేర్పాను. గ్యాస్ వెలిగించు, నీళ్లు పొయ్యి, పొడి వెయ్యి అంటూ గోడకి బొమ్మలు అంటించి మరీ నేర్పాను. చివరికి అతను ఒక్క తప్పు లేకుండా టీ పెట్టి కల్నల్‌గారికి అందించినప్పుడు నా ఆనందం చెప్పలేను. ఇంటికి పంపాక, "ఈయన అసలు టీయే పెట్టట్లేదు" అని కబురొచ్చింది. కల్నల్‌గారు నన్ను వెళ్లి చూసి రమ్మన్నారు. వెళ్తే ఆ ఇంట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద చోడి అంబలి కుండ ఉన్నాయి. గ్యాసూ లేదు, టీపొడీ లేదు. అతను నన్ను చూసి పడీపడీ నవ్వాడు. "టీ సంతకెల్తే తాగుతాం మేడం. ఇంటికాడ ఎవులు కాత్తారు?"

"మరి ఆరు వారాలు నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వడగలేదు కదా మేడం. ముచ్చట పడి నేర్పతన్నావు, ఎందుకులే అనుకున్నాను."

ఇది చెబితే కల్నల్‌గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఇక నుంచి కొండల మీది ఇళ్లకు నువ్వే వెళ్లు. వెళ్లినప్పుడు ముందు అడుగు. అది ఎందుకలా ఉందో అడుగు. తీర్పు తర్వాత" అన్నారు. ఆ మాట నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. దాని కింద రెండు గీతలు కూడా కొట్టాను. గీతలు కొట్టినంత మాత్రాన బుర్రకెక్కదని ఇప్పుడు తెలిసింది.

బొంజుబాబు

బొంజుబాబుది హుకుంపేట మండలంలో పద్దెనిమిది గడపల ఊరు. పేరు రాయను. సరిహద్దుల్లో మంచు కొండల మధ్య ట్రక్కు లోయలో పడితే అతని తలకి దెబ్బ తగిలింది. మా దగ్గరికి వచ్చేటప్పటికి ముప్ఫై నాలుగేళ్లు. పుర్రెకు ఎడమ పక్క చేతికి తగిలేంత గుంట ఉండేది. మనిషి బలంగానే ఉన్నాడు. మాటే చాలా నిదానం. ఒక్క వాక్యం పూర్తి చెయ్యాలంటే మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకునేవాడు. దారి గుర్తు పూర్తిగా పోయింది. సెంటర్లో తన మంచం దగ్గర నుంచి భోజనాల గదికి వెళ్లి, తిరిగి రావడం తెలిసేది కాదు. మందులు వాడుతున్నా నెలకో రెండు నెలలకో ఒకసారి ఫిట్స్ వచ్చేవి.

మూడు నెలలు ఉంచుకుని ఇంటికి పంపాం. ఇంట్లో భార్య సుభద్ర, పక్క ఇంట్లో తమ్ముడు రాజారావు. ఇంటి వెనక ఏటవాలు మీద వాళ్ల కాఫీ తోట. "తోటకెల్తాను" అనేదే బొంజుబాబు కోరిక. రోజుకి పదిసార్లు ఆ ఒక్క మాటే అనేవాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆగకుండా అనేవాడు.

ఎనిమిది నెలల తర్వాత చూడ్డానికి వెళ్లాను. హుకుంపేటలో బస్సు దిగి నేను మాట్లాడుకున్న జీపు కొండ కిందే ఆగిపోయింది. డ్రైవరు అక్కడే పడుకున్నాడు. నేను ఒక్కదాన్నే తోటలోకి ఎక్కాను. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు నిలువెత్తున ఉన్నాయి, నాలుగడుగుల అవతల మనిషి కంటికి ఆనడు. ఎక్కడో టక్, టక్ మని చప్పుడు వినిపించింది. ఆవు మేస్తోందనుకున్నాను. కొమ్మలు పక్కకి జరిగి బొంజుబాబు వచ్చాడు. భుజాన బుట్ట, అందులో కాఫీ పళ్లు. నడుముకి తాడు, ఆ తాడుకి కొయ్య గంట.

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను చూసి అతను నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు కనపడలేదు, గంటే కనపడింది. దేశం కోసం తల పగలగొట్టుకున్న మనిషికి గొడ్డుకి కట్టినట్టు గంట కట్టారు! వెనకే సుభద్ర వచ్చింది.

"ఏంటిది?"

"గంటండి."

"గంటని నాకూ తెలుసు. మనిషికి కట్టావేంటి?"

"తోటలోన కనపడడండి. ఇనపడతాదని..."

"ఇనపడ్డానికి ఆయన ఆవా? వెంట ఉండి చూసుకోవడానికి నీకు బద్ధకమై గంట కట్టి వదిలేశావా? సిగ్గు లేదూ?"

ఆమె ఏదో చెప్పబోయింది. నేను ఆగితే కదా! ఈలోగా బొంజుబాబు చెయ్యి గంట మీద వేసి, "నా... నానే..." అని మొదలుపెట్టాడు. నేనేమన్నానో వినండి. "నువ్వుండు బాబూ, నేను నీ తరఫునే మాట్లాడుతున్నాను" అన్నాను.

అతను నోరు మూసుకున్నాడు. సైన్యంలో పనిచేసిన మనిషి, పైవాళ్లు ఉండమంటే ఉండిపోతాడు.

నా చేత్తో నేనే తాడు ముడి విప్పి గంట తీసుకున్నాను. పోనీ అంతటితో ఊరుకున్నానా? "మళ్లీ గంట గింట కనపడిందో, ఈయన్ని తీసుకుపోయి సెంటర్లోనే ఉంచేస్తాం. నీ దగ్గరికి పంపం" అని సుభద్రకు వేలు చూపించి చెప్పాను. అలా ఉంచేసే అధికారం నాకు లేదు. సెంటర్లో అంత చోటూ లేదు. ఊరికే బెదిరించాను. ఆమె మొహం పాలిపోయింది. "నేదండి, కట్టనండి, తీసుకుపోకండి" అంది. నా మాటకి భయపడిందని లోపల తృప్తి పడ్డాను కూడా. ఇది రాస్తుంటే తల కొట్టేసినట్టుంది.

కల్నల్‌గారి ప్రశ్న

తిరుగు బస్సులో ఆ గంట నా సంచీలో ఒకటే మోత. పక్కవాళ్లు చూస్తుంటే చిరాకేసి, లోపల వేలాడే రెండు కర్ర ముక్కలూ లాగి కిటికీలోంచి పారేశాను. అప్పటికి గానీ ఊరుకోలేదు.

మర్నాడు రిపోర్టు రాసి, గంటతో సహా కల్నల్‌గారి బల్ల మీద పెట్టాను. రిపోర్టులో పౌరుషం పొంగిపోయింది. ఆయన మొత్తం చదివారు. గంటను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఎవరు కట్టారు?"

"భార్య కట్టింది సార్."

"అడిగావా?"

అడగలేదు. కానీ ఆయన కళ్లలోకి చూస్తూ, "అడిగాను సార్" అన్నాను.

పిల్లలూ, నా ఉద్యోగంలో తప్పులు చాలా చేశాను. మందు పేరు తప్పు రాశాను, ఒకసారి కుడి చెయ్యి అనాల్సింది ఎడమ చెయ్యి అన్నాను. అవన్నీ ఎవరో ఒకరు పట్టుకున్నారు, దిద్దారు. ఈ ఒక్కటీ దిద్దే అవకాశం కల్నల్‌గారు నా చేతికిచ్చారు. నేనే అబద్ధమాడి పోగొట్టుకున్నాను. ఇంకో వారంలో వెళ్లి అడిగి వచ్చినా సరిపోయేది. కానీ తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం నేను.

అక్కడి నుంచి ఆ గంట నా పాఠమైంది. కొత్తగా చేరిన ప్రతి జట్టుకీ ఆ గంట ఎత్తి చూపించి, "చూడండి, అజ్ఞానం మనిషిని ఏం చేస్తుందో" అని మొదలుపెట్టేదాన్ని. ఒకమ్మాయి కన్నీళ్లు కూడా పెట్టుకుంది. మీలో చాలామంది ఆ క్లాసులో కూర్చున్నవాళ్లే. అజ్ఞానం అని నేను చూపించినది ఎవరిదో మీకు ఇప్పుడు తెలుస్తుంది.

వాగు

గంట తీసిన నాలుగు నెలలకి, వానలప్పుడు, అక్కడి హెల్త్ సెంటర్ నర్సు ఫోన్ చేసింది. బొంజుబాబు తోట కింద వాగులో చేతులు కడుక్కోవడానికి వంగాడు. అక్కడే ఫిట్స్ వచ్చాయి. ముందుకి పడిపోయాడు. మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. సుభద్ర పై మడిలో ఉంది. మొక్కల గుబురులో ఆమెకి కనపడలేదు. పిలిస్తే పలక్కపోయేసరికి వెతుక్కుంటూ దిగింది. అప్పటికే అయిపోయింది.

ఫోన్ పెట్టేశాక నా కళ్లు గంట మీదికి పోయాయి. అది బీరువా మీద ఉంది. నాకు ఆ క్షణమే తెలిసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఫిట్స్ వచ్చిన మనిషి ఒళ్లు ఎలా కొట్టుకుంటుందో నాకు తెలియదా? నడుముకి గంట ఉంటే అది ఎలా మోగేదో, పై మడిలో ఉన్న మనిషికి ఎంత బాగా వినపడేదో నాకు తెలియదా? అప్పటికే ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని.

ఏం చెయ్యాలి? వెళ్లి కాళ్ల మీద పడాలి. నేను వెళ్లలేదు. వారం తర్వాత, మరణం ఎలా జరిగిందో రాసి పంపమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నేను రెండు వాక్యాలు రాశాను. కుటుంబ సభ్యుల పర్యవేక్షణ లోపం అని ఒకటి. మేము సూచించిన జాగ్రత్తలు పాటించలేదు అని రెండోది. కల్నల్‌గారు నన్ను నమ్మి సంతకం పెట్టారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయనకి నిజం చెప్పే అవకాశం కూడా ఇక లేదు.

ఆ కాగితం నకలు ఒకటి ఆ ఇంటికి వెళ్తుందని నేను ఆలోచించలేదు. వెళ్లింది.

మరి క్లాసులో గంట చూపించడం మానేశానా అంటే, మానలేదు. మానేస్తే ఎందుకు మానేశావంటారు. అందుకని మోసుకెళ్లి చూపిస్తూనే ఉన్నాను, గొంతు కొంచెం తగ్గించి. మీరది నా బాధ అనుకున్నారు.

మన వృత్తిలో గౌరవం అనే మాట తెగ వాడతాం. పేషెంటు గౌరవం, మనిషి గౌరవం. చాలా మంచి మాట. నేను మాత్రం దాన్ని చేతికర్రలా పట్టుకుని ఎదుటివాళ్లని అదిలించాను. గంట చూసి నాకు నామోషీ అనిపించింది. ఆ నామోషీ నాది. బొంజుబాబుకి లేదు. అతను గంటతో తోటలో పనిచేసుకుంటున్నాడు, బుట్ట నిండా పళ్లు కోసుకొచ్చాడు, నన్ను చూసి నవ్వాడు. మూడు నెలలు మేము నేర్పలేని పని ఆ గంట నేర్పింది. చెయ్యలేడనుకున్న మనిషి చేస్తుంటే, ఎలా చేస్తున్నావయ్యా అని అడగడానికి నాకు నోరు రాలేదు. తిట్టడానికి మాత్రం వచ్చింది.

పన్నెండేళ్ల తర్వాత

రిటైరైన నెలలోనే హుకుంపేట బస్సెక్కాను. గాజు పెట్టె ఇంట్లో వదిలేసి గంట ఒక్కటే సంచీలో వేసుకున్నాను. జీపు లేదు, ఆటో కొంత దూరం, మిగతాది నడక. మోకాళ్ల నొప్పుల కన్నా ఆమె ఉంటుందో లేదో అన్న భయమే ఎక్కువ నొప్పి పెట్టింది. ఉండకపోతే బాగుండునని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది. దాచడం దేనికి?

సుభద్ర ఇంటి ముందు చాప మీద కాఫీ పళ్లు ఎండబోస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "మేడం" అంది. కూర్చోమనలేదు.

గంట తీసి ఆమె ముందు పెట్టాను. ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూనే వచ్చాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. "నేను తీసుండకపోతే ఆయన బతికుండేవాడు. నాదే తప్పు" అన్నాను.

ఆమె గంటను చేతిలోకి తీసుకుని ఊపింది. చప్పుడు రాలేదు. తలకిందులు చేసి లోపలికి చూసింది.

"దీని కర్రలేవి?"

"పారేశాను. బస్సులో మోగుతోందని."

"ఓలమ్మా," అంది నెమ్మదిగా. "మోగతాదని పారేసినావా!"

నేను పన్నెండేళ్ల కిందట అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఇది ఎవరు కట్టారు సుభద్రా?"

"మావే కట్టుకున్నాడు. మా ఎర్రావు సచ్చిపోయినాక సూరున ఏలాడతండేది. ఒకనాడు తోటలోన దారి తప్పిపోయి, పొద్దుగూకేదాకా అక్కడే కూకుని ఏడిసినాడు. ఇంటికొచ్చి, ఇది తీసి నడుముకి కట్టుకున్నాడు. 'సుబదరా, నాను తప్పిపోతే నువ్విను' అన్నాడు. ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందో మావకి. నడిస్తే ఒకలాగ మోగతాది, కూకుంటే ఊరుకుంటాది. ఫిట్సొత్తే టకటకా ఒకటే మోత. రెండుపాల్లు అలగే పరిగెత్తి పట్టుకున్నాను. వాగుకాడే ఒకపాలి."

వాగు దగ్గరే ఒకసారి! ఆమె నాకు చెప్పబోయింది ఇదే. "నా... నానే..." అని అతను చెప్పబోయిందీ ఇదే.

"మరి నేను వెళ్లాక ఊళ్లోవాళ్లకి చెప్పలేదా, గంట మేడం తీసుకెళ్లిందని?"

"సెప్పినాను. ఎవులు నమ్ముతారు? పట్నం మేడానికి ఆవు గంటెందుకు అన్నారు. కాయితం వచ్చినాది కదా, మా మరిది అందరి ముందు సదివినాడు. ఇంటోల్లు జాగర్త సెయ్యలేదు అని రాసున్నాది. నానే గంట తీసి పారేసినానన్నారు. ఇన్నేళ్లు నా తోటకి సాయానికి ఎవులూ రాలేదు. అందరి పళ్లు అందరూ కోత్తారు, నా పళ్లు నానే కోసుకుంటాను. పండక్కి పిలవరు. మా మరిది నా గుమ్మం తొక్కి పన్నెండేళ్లు."

ఏడవలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఒక మనిషిని పోగొట్టిన పాపమే నాదనుకుని వచ్చాను. పన్నెండేళ్లుగా ఒక మనిషిని ఊళ్లోనే వెలివేయించిన పాపం కూడా ఉందని అప్పుడే తెలిసింది. అది నా రెండు వాక్యాల పని.

"నన్ను క్షమించు సుభద్రా" అన్నాను.

"అదేటి సేసుకుంటాను నాను?" అంది. కసిగా అనలేదు, నిజంగానే అడిగింది.

లోపలికెళ్లి కత్తి తెచ్చింది. పక్కనున్న కాఫీ కొమ్మ నరికి, రెండు కర్ర ముక్కలు చెక్కింది. చీర అంచు నుంచి పీలిక చింపి వాటిని గంట లోపల కట్టింది. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. ఊపింది. టక్, టక్. ఇంకా గట్టిగా ఊపింది.

పక్కింట్లోంచి ఒక నడివయసు మనిషి పరిగెత్తినట్టే బయటికొచ్చాడు. పన్నెండేళ్లుగా ఆ గుమ్మం తొక్కని ఆమె మరిదే.

"అది అన్న గంట కదా," అన్నాడు రాజారావు. "ఏటిది? ఎక్కడ దొరికినాది?"

సుభద్ర అతనికి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగింది. అంతవరకు తలొంచుకునే మాట్లాడిన మనిషి నిటారుగా నిలబడింది.

"సెప్పు," అంది.

చెప్పాను. గంట తీసింది నేనని, మళ్లీ కడితే మనిషిని తీసుకుపోతామని బెదిరించింది నేనని, కాగితంలో అబద్ధం రాసింది నేనని. రాజారావు నన్నూ, వదిననీ, గంటనీ మార్చి మార్చి చూశాడు. గుమ్మం దగ్గరే మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

ఇక అయిపోయిందనుకుని నేను సంచీ అందుకున్నాను.

"ఎక్కడికెల్తన్నావు?" అంది సుభద్ర. "ఆడొక్కడేనా అన్నాడు? ఊరంతా అన్నారు. బేగి రా, పొద్దుపోతాది."

గంట ఊపుకుంటూ తను ముందు నడిచింది. ఆ చప్పుడుకి జనం గుమ్మాల్లోకి వచ్చారు. ప్రతి ఇంటి ముందూ ఆగి, గంట ఎత్తి చూపించి, నా వైపు తిరిగి "సెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని. ఒక ఇంట్లో నోరు నొక్కుకున్నారు, ఇంకో ఇంట్లో ఒకావిడ నన్ను నానా మాటలు తిట్టింది. ఒక ముసలాయన లేచి వచ్చి గంటని తడిమి చూసి, సుభద్ర చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడో ఇంటి దగ్గర నా గొంతు పూడుకుపోయింది. సుభద్ర ఆగింది. ఎవరింట్లోనో చెంబుతో నీళ్లు అడిగి నా చేతికిచ్చింది. నేను తాగేదాకా చూసి, "పద, ఇంకా పదకొండు గడపలున్నాయి" అంది.

ఆఖరి ఇల్లు వాగు ఒడ్డున ఉంది. అరుగు మీద ఒక పండు ముసలమ్మ కూర్చుని ఉంది. నేను చెప్పడం మొదలుపెడితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటి? ఏటంటన్నాది?" అంది.

"ఆయమ్మకి ఇనపడదు," అంది సుభద్ర. "గట్టిగా సెప్పు. ఆనాడు నా మీద అరిసినావు కదా, అలగ."

అలాగే అరిచాను. "గంట తీసింది నేనే! సుభద్ర తప్పు లేదు!"